యాభైరెండో గడి

చెంచయ్య మాస్టారి దగ్గర కెమిస్ట్రీ చదివినవాళ్ళని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా హైడ్రోజన్ నుంచి అయొడిన్ దాకా తడుముకోకుండా చెప్తారు. అది ఆయన గొప్పే, నేను కాదనను. కానీ కత్తి పదును మెచ్చుకునేవాళ్ళు అది ఎవరి మీద తిరిగిందో కూడా చెప్పాలి. మా ఊళ్ళో ఆ రెండో మాట ఎవరూ చెప్పరు, అందుకని నేను చెప్తున్నాను.

గూడూరులో మా హైస్కూలుకి పన్నెండో తరగతి వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్ళే అయింది. రెండు సెక్షన్లని కలిపి కూర్చోబెట్టి ఆయన కెమిస్ట్రీ చెప్పేవాడు. అంతమంది మగపిల్లల్లో ఆడపిల్లలం ఇద్దరమే. ఒకతెని నేను, రహీమున్నీసాని, నిమ్మకాయల మండీ రహ్మాన్ కూతుర్ని. రెండో పిల్ల కరుణాకుమారి. వాళ్ళ నాన్న అభ్రకం కంపెనీ గనిలో మట్టిపెళ్ళ విరిగిపడి పోయాడు. వాళ్ళమ్మ రెబెక్కమ్మ అదే కంపెనీ షెడ్డులో అభ్రకం రాయిని, అదే కాకిబంగారాన్ని, రేకులుగా చీలుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె జుట్టూ చేతులూ తళతళలాడుతుండేవి. ఆ మెరుపు ఎంత కడిగినా పోదు, చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మాస్టారి దగ్గర ఒక గుడ్డ ఉండేది. మంచం దుప్పటంత తెల్లగుడ్డ మీద ఆవర్తన పట్టిక మొత్తం కుట్టించాడు. అడ్డంగా పీరియడ్లు, నిలువుగా గ్రూపులు, గడికొక జేబు, జేబు మీద ఎర్రదారంతో మూలకం గుర్తు. ప్రతి పరీక్ష అయ్యాక మా పేర్లు రాసిన అట్టముక్కల్ని ఆ జేబుల్లో పెట్టేవాడు.

"మీ మార్కులే మీ పరమాణు భారం" అనేవాడు. అందరికంటే తక్కువ వచ్చినవాడు హైడ్రోజన్. అందరికంటే ఎక్కువ వచ్చినవాడు అయొడిన్. ఆ ఏడు మేం సరిగ్గా యాభైముగ్గురం, యాభైమూడో మూలకం అయొడిన్. ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. పిల్లలు తక్కువైన ఏడు మధ్యలో కొన్ని జేబులు ఖాళీగా వదిలేవాడట, మెండలీవ్ మాత్రం వదల్లేదా అని. ఆ పేర్లతోనే మమ్మల్ని పిలిచేవాడు. నేను ఫాస్ఫరస్‌ని. "నీళ్ళలో పెట్టి మూత బిగించాలిరా దీన్ని, గాలి తగిలితే మండుద్ది" అని వెక్కిరించేవాడు. నేను కోప్పడలేదు, ఉన్నమాటే గదా.

చివరి జేబుకి ఇంకో లెక్క ఉంది. అభ్రకం కంపెనీ షావుకారు ప్రతి ఏడూ వార్షికోత్సవానికి వచ్చి, ఆ గుడ్డ ముందు నిలబడి, చివరి జేబులో అట్ట బయటికి తీసి పేరు చదువుతాడు. ఆ పేరుగల పిల్లకో పిల్లాడికో నెల్లూరు కాలేజీలో చదువు, హాస్టలు, బట్టలు అన్నీ ఆయనవే. కెమిస్ట్రీ ఆయనకి రాదు. మాస్టారు ఏ అట్ట పెడితే అదే ఆయనకి సైన్సు.

కరుణ కళ్ళన్నీ ఆ జేబు మీదే. అది దొరికితే కాలేజీ. దొరక్కపోతే ఎండాకాలం సెలవుల నుంచి అమ్మ పక్కన కత్తి పట్టుకుని కూర్చోవడమే. షెడ్డు మేస్త్రీ అప్పుడే చోటు చూసి పెట్టాడు, పక్కనే ఇంకో పీట వేయించాడు కూడా.

క్వార్టర్లీలో కరుణకి ఫస్టు వచ్చింది. మునసబుగారి మూడో కొడుకు పెంచలనరసింహానికి ఒక్క మార్కు తక్కువ. మాస్టారు అట్టలు పెట్టడం అయిపోయాక చూస్తే అయొడిన్ జేబులో పెంచలనరసింహం, దాని ముందు టెల్లూరియంలో కరుణ.

కరుణ లేచి నిలబడింది. "సార్, నా భారం ఎక్కువ."

ఆయన ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు నవ్వాడు. "టెల్లూరియం భారమెంత?"

"నూట ఇరవైఏడు పాయింట్ ఆరు సార్."

"అయొడిన్?"

"నూట ఇరవైఆరు పాయింట్ తొమ్మిది."

"మరి బరువైనది ముందు గడిలో, తేలికైనది తర్వాత గడిలో ఎట్టా కూర్చున్నాయి? అందర్నీ బరువు చూసి కూర్చోబెట్టిన మెండలీవు ఇక్కడ తన రూలు తనే ఎందుకు తప్పినాడు?" అని ఆయనే జవాబు చెప్పాడు. "ఎందుకంటే గుణాలు చూసినాడు. అయొడిన్‌వి క్లోరిన్ గుణాలు, బ్రోమిన్ గుణాలు. దాని చోటు వాటి కిందనే. గ్రూపంటే ఏంది? కుటుంబం. ఒరే పెంచలనరసింహం, మీ పెద్దన్న ఏ గడి?"

"అయొడిన్ సార్."

"రెండో అన్న?"

"అయొడినే."

"కరుణా, మీ అమ్మ ఏం చేస్తాది?"

"రేకులు చీలుస్తాది సార్."

"వాళ్ళమ్మ?"

కరుణ గొంతు తగ్గింది. "రేకులే."

"చూసినారా? నిలువు వరస" అన్నాడు మాస్టారు. క్లాసు ఘొల్లుమంది. నిజం చెప్పాలంటే అంత బాగా ఆ పాఠం మాకు ఇంకెవరూ చెప్పలేరు. పబ్లిక్ పరీక్షలో టెల్లూరియం, అయొడిన్ ప్రశ్న వచ్చినప్పుడు మాలో ఒక్కరు కూడా తప్పు రాయలేదు.

పెంచలనరసింహం చెడ్డవాడు కాదు. సినిమా హాలు పక్కన ఇల్లుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనే రకం. "సార్, ఆ పిల్లకే ఇచ్చేయండి, మా నాయన ఎట్టా అయినా చదివిస్తాడు" అన్నాడు కూడా. "కూర్చోరా, అయొడిన్ తన గడి తను ఎంచుకోదు" అని కసిరాడు మాస్టారు. మునసబు కొడుకుకి ధర్మం చదువు ఎందుకని మీరు అడగొచ్చు. ఉన్నవాడి విస్తట్లోనే ఇంకో గరిటె వడ్డించడం మా ఊరి మర్యాద.

కరుణ ఏడవలేదు. రెండు రోజులు పుస్తకం ముందేసుకుని కూర్చుని, మూడోరోజు కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది.

"మూడు చోట్లనే మార్చినారు రహీమూ. ఆర్గాన్‌ని పొటాషియం ముందు, కోబాల్ట్‌ని నికెల్ ముందు, టెల్లూరియాన్ని అయొడిన్ ముందు. మూడు చోట్లా తేడా రవ్వంత. తేడా ఎక్కువుంటే ఎవరూ తారుమారు చెయ్యలా. నేను తేడా పెంచేస్తే ఏం చేస్తాడు?"

పిచ్చిపిల్ల! మనుషులు కూడా పుస్తకం ప్రకారం నడుస్తారనుకుంది. చర్చి వరండాలో లాంతరు పెట్టుకుని చదివింది. రెబెక్కమ్మ ఆ పిల్లని నీళ్ళకి కూడా పంపేది కాదు. హాఫ్ ఇయర్లీ వచ్చింది. కరుణకి తొంభై దాటాయి, పెంచలనరసింహం అరవై దగ్గరే ఆగిపోయాడు.  మాస్టారు అట్టలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చి, కరుణ అట్టని యాభైరెండో జేబులోనే పెట్టాడు.

"సార్" అంది కరుణ.

"క్లోరిన్‌లో రెండు రకాలు. ఒకటి ముప్పైఐదు, ఒకటి ముప్పైఏడు. ఏ గడిలో ఉంటాయి?"

"ఒకే గడిలో."

"వాటి పేరు?"

"ఐసోటోపులు."

"బరువు పెరిగితే గడి మారలా గదా. మరి నీకు మాత్రం ఎందుకు మారాలి? బరువెక్కినంత మాత్రాన పందిరిగుంజ ధ్వజస్తంభం అవుద్దా?"

మళ్ళీ నవ్వులు. ఈసారి కరుణ కూర్చోలేదు. "మరి గడి దేన్ని బట్టి సార్?"

"మోస్లీ తేల్చినాడు. పరమాణు సంఖ్య. కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లుంటే అదే నీ గడి. పైన తిరిగే ఎలక్ట్రాన్లు ఇస్తే పోతాయి, పుచ్చుకుంటే వస్తాయి. ఉప్పులో సోడియం ఒకటి పోగొట్టుకున్నా సోడియమే. లోపలి లెక్క మారదు. అది పుట్టుక."

పుట్టుక అన్న మాటని ఆయన సుద్దముక్కతో బోర్డు మీద కొట్టినట్టు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేవబోయాను. కరుణ నా ఓణీ పట్టి కూర్చోబెట్టి, తనే అంది.

"మారుద్ది సార్. పుస్తకం చివర్లో ఉండాది. కేంద్రకం నుంచి ఆల్ఫా కణం పోతే రెండు గడులు వెనక్కి. బీటా కణం పోతే ఒక గడి ముందుకి. టెల్లూరియంలో నుంచి బీటా పోతే అయొడిన్ అవుద్ది."

అంతకుముందు ఏ ప్రశ్నకీ ఆగని మాస్టారు ఆగిపోయాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, కిటికీ వైపు చూశాడు.

"పోతే" అన్నాడు చిన్నగా. "ఏదో ఒకటి పోతేనే. ఊరికే ఎవురూ ముందుకి రారు." "సాయంత్రం మీ అమ్మని తీసుకుని స్టాఫ్‌రూముకి రా" అన్నాడు.

కరుణ గెలిచాననుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. స్కూలు వదిలాక ముగ్గురం కలిసి వెళ్ళాం. రెబెక్కమ్మ షెడ్డు నుంచి అట్నుంచి అటే వచ్చింది, చీర కుచ్చిళ్ళ నిండా రేకుల పొడి. లోపల హెడ్మాస్టరు కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు అడ్మిషన్ రిజిస్టరు తెరిచి ఉంది. చెంచయ్య మాస్టారు కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"షావుకారు ధర్మం సంగతి మర్చిపో కరుణా" అన్నాడు మాస్టారు. "అది నీదాకా రాదు. నేను నీ అట్ట పెట్టినా, ఎవరి కూతురని ఆయన అడుగుతాడు. తన షెడ్డులో కూలిమనిషి కూతురంటే అట్ట మళ్ళీ జేబులో పెట్టేస్తాడు. దానికంటే మంచి దారుంది. హరిజన పిల్లలకి సర్కారు స్కాలర్‌షిప్పు, నెల్లూర్లో హాస్టలు ఉండాయి. నీకొచ్చే మార్కులకి కళ్ళుమూసుకుని ఇస్తారు. కానీ కిరస్తానీలకి లేదు. మతం మారినోళ్ళకి అది వర్తించదు."

హెడ్మాస్టరు కలం మూత తీశాడు. "పేరు ఒక్కటి దిద్దితే సరిపోతుందమ్మా. కరుణాకుమారి తీసేసి మాలకొండమ్మ అని రాద్దాం. మతం గడిలో హిందూ అని. ఇట్లా చాలామందే దిద్దించుకున్నారు. స్కూలుకి ఒక ఫస్టు క్లాసు, నీకు ఒక చదువు."

"పేరొక్కటే కాదు సార్" అన్నాడు చెంచయ్య మాస్టారు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు. "చర్చికి పోవడం మానాలి. ఈమె మెళ్ళో ఆ శిలువ తియ్యాలి. హాస్టలుకి పోయి నేను రెబెక్కమ్మని, దాని తల్లినని చెప్పిందంటే సీటు ఆ పూటే పోతాది."

రెబెక్కమ్మ రిజిస్టరు వైపు చూడ్డం లేదు. వచ్చినప్పట్నుంచీ మాస్టారి మొహమే చూస్తోంది. రెండడుగులు దగ్గరికేసి, మెడ పక్కకి వంచి, ఇంకా పరకాయించి చూసింది.

"ఏసుమణివి గదా నువ్వు?" అంది.

మాస్టారు రిజిస్టరు వైపు తిరిగాడు.

"ఏసుమణీ! ఈ గూడూరు కాదు, మన తోటపల్లి గూడూరు పాళెం. జకరయ్య మామ కొడుకువి. ఈ కనుబొమ్మ మీద మచ్చ, చింతచెట్టు మీంచి పడినప్పటిది. చర్చి గుళ్ళో ఒకే చాప మీద కూర్చుని బైబిలు వాక్యాలు అప్పజెప్పేవాళ్ళం గదయ్యా మనం." ఆమె మొహం వెలిగిపోయింది. అంతలోనే గొంతు మారింది. "మీ అమ్మ పోయేటప్పుడు నిన్నే అడిగింది నాయనా. ఏసుమణి వచ్చినాడా, ఏసుమణి వచ్చినాడా అని. వస్తుండాడు అత్తా అని నేనే అబద్ధం చెప్పినా."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి చెంచయ్య మాస్టారిని చూశాడు. వరండాలో నిలబడ్డ ప్యూను తొంగిచూశాడు.

"ఈమె ఎవురో నాకు తెలవదు సార్" అన్నాడు మాస్టారు. "ఎవుర్ని చూసి ఎవురనుకుంటుందో."

తడుముకోకుండానే అన్నాడు. అప్పుడు నాకు ఆయన అన్నాళ్ళూ చేసింది అర్థమైంది. తనలాగే పాళెం నుంచి, హరిజనవాడ నుంచి వచ్చిన పిల్లని పైకి తీస్తే, ఎందుకు తీశావని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాడు అక్కడితో ఆగడు. ఆ భయంతో ఆ పిల్లని అందరికంటే ముందు తనే తొక్కాడు, అందరూ నవ్వేట్టుగా తొక్కాడు. ఆఖరికి తను వచ్చిన దొంగదారే ఆ పిల్లకీ చూపించాడు. అదే ఆయనకి తెలిసిన దయ. అంత విద్య ఉన్నవాడికి ఇంతకంటే మంచిది ఏదీ తోచలేదా అని నాకు ఇప్పటికీ కోపమే.

కరుణ చేతిలోకి హెడ్మాస్టరు కలం ఇచ్చాడు. ఆ పిల్ల కలం బల్ల మీద పెట్టేసింది.

"పోదాం పామ్మా. నాకొద్దు."

"ఎందుకొద్దు?" అంది రెబెక్కమ్మ.

"రేపు నేను గూడా నిన్ను అట్టాగే అనాల్సొస్తాది. చూళ్ళా?"

రెబెక్కమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "అంటే అను. షెడ్డులో నా పక్కన కూర్చుని అమ్మా అని పిలిచే దానికంటే, కాలేజీలో కూర్చుని తెలవదని అను. నాకేం నొప్పి? రాయి."

"అమ్మా..."

"రాయమంటున్నా గదే! నాకు రాత రాదు కాబట్టి నువ్వే రాయాల!"

కరుణ రాసింది. హెడ్మాస్టరు చెప్పిన చోట కొత్త పేరు రాసి, పాత పేరు మీద గీత కొట్టింది. రెబెక్కమ్మ వేలిముద్ర వేసింది. ఆ సిరా ముద్రలో రెండు మూడు రేకుముక్కలు అంటుకుని మెరిశాయి. హెడ్మాస్టరు వాటిని గోటితో గీకి పారేశాడు.

గుమ్మం దాటబోతూ రెబెక్కమ్మ వెనక్కి తిరిగింది. "మీ అమ్మ సమాధి మీద శిలువ విరిగి పడిపోయిండాది, అయ్యవారా. తెలవకపోతే పోనీలే."

నేను బయట ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పని లేకపోయింది, ప్యూను ఉన్నాడు గదా. మర్నాడు క్లాసుకి వెళ్ళేసరికి గుడ్డ మీద హైడ్రోజన్ జేబులో, అందరికంటే కింది మార్కులవాడి చోట, కొత్త అట్ట ఒకటి ఉంది. దాని మీద 'ఏసుమణి' అని పెద్ద అక్షరాలు. మగపిల్లల్లో ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. మాస్టారు లోపలికి వచ్చాడు. చూశాడు. అట్ట తీసి చొక్కా జేబులో పెట్టుకుని, బోర్డు వైపు తిరిగి, 'హైడ్రోజన్ స్థానం' అని రాశాడు.

"హైడ్రోజన్ మొదటి గ్రూపులోనూ పూర్తిగా ఇమడదు, ఏడో గ్రూపులోనూ ఇమడదు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గంటంతా మావైపు తిరగలేదు. ఆయన వీపు వెనక మగపిల్లలు కిసుక్కుమంటూనే ఉన్నారు. అన్నాళ్ళూ ఆయనే నేర్పిన నవ్వు అది. నాకు జాలి రాలేదు. కరుణ ఒక్కతే తల వంచుకుని నోట్సు రాసుకుంది.

వార్షికోత్సవం నాడు షావుకారు చివరి జేబులోంచి పెంచలనరసింహం అట్ట తీసి చదివాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్లాడు నెల్లూరు వెళ్ళి, వచ్చిన ప్రతి సినిమా చూసి, ఏడాది తిరక్కుండా ఇంటికొచ్చాడు. పబ్లిక్ పరీక్షలో కరుణకి, అదే మాలకొండమ్మకి, ఫస్టు క్లాసు వచ్చింది. సర్కారు స్కాలర్‌షిప్పూ హాస్టలు సీటూ మాస్టారు చెప్పినట్టే వచ్చాయి. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.

దసరాకి ముందు నాన్న నిమ్మకాయల లోడుతో నెల్లూరు వెళ్తుంటే నేనూ బయల్దేరాను. సంగతి విని రెబెక్కమ్మ కూడా లారీ ఎక్కింది. ఒళ్ళో ఒక మూట, అందులో కూతురికి ఇష్టమైన వేరుశెనక్కాయ ఉండలు. మెళ్ళో శిలువ లేదు. నల్లదారం ఉన్న చోట చర్మం మాత్రం చుట్టూ తెల్లగా ఉంది. దారి పొడుగునా గోళ్ళ సందుల్లో ఉన్న రేకుపొడిని పుల్లతో తీసుకుంటూనే ఉంది.

హాస్టలు గేటు దగ్గర వార్డెను ఆపింది. "ఎవరు కావాలి?"

"మాలకొండమ్మ" అంది రెబెక్కమ్మ. ఆ పేరు ముందే నోటికి అలవాటు చేసుకున్నట్టుంది.

"నువ్వేమవుతావు?"

అప్పటికే కరుణ వరండా మెట్లు దిగి వస్తోంది. పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. మమ్మల్ని చూసి అడుగు తడబడింది. నోరు తెరిచింది. ఆ పిల్ల నోట ఏ మాట వచ్చేదో నాకు తెలియదు, ఎందుకంటే రెబెక్కమ్మ రానివ్వలేదు.

"ఏమీ కానమ్మా" అంది వార్డెనుతో. "ఆ పిల్లోళ్ళ ఊరే. వాళ్ళమ్మ ఈ మూట ఇచ్చి రమ్మంది."

కరుణ వచ్చి మూట అందుకుంది. వేళ్ళు తగిలాయి గానీ పట్టుకోలేదు. "ఎవరే ఈమె?" అని ఒక స్నేహితురాలు అడిగింది.

"మా ఊరామె" అంది కరుణ.

రెబెక్కమ్మ తలూపి, వెనక్కి తిరిగి, గబగబా రోడ్డు మీదికి నడిచింది. నేను ఆమె వెంట పరుగెత్తాల్సొచ్చింది.  లారీ ఎక్కి కూర్చున్నాక కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది.

"చూసినావా రహీమూ" అంది, "తడుముకోకుండా చెప్పింది."